వంతెన ఎక్కేటప్పుడే ఆ గలగల ఎందుకు?

"ఊళ్లో తిరిగినంతసేపూ బాగానే ఉంటుందండీ. దిండి నుంచి చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం కింద ఎక్కడో గలగలమంటుంది." కోనసీమలో మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి మాట చెవిన పడుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండినే రేస్ చేసి చూస్తాడు. చప్పుడు రాదు. "ఏమీ లేదు, తీసుకెళ్లండి" అంటాడు. మర్నాడు వంతెన దగ్గర మళ్లీ అదే గలగల, అదే టెన్షన్.

ఇద్దరి మాటా నిజమే. మన డెల్టా నేల బల్లపరుపు. కాలువగట్టు రోడ్డు మీద 40లో పోతున్నంతసేపు ఇంజన్ పెద్దగా కష్టపడదు. ఎత్తు ఎక్కే పని పడేదల్లా వంతెనల దగ్గరే. షెడ్డులో నిలబడ్డ బండిని ఎంత రేస్ చేసినా ఇంజన్ తనను తాను తిప్పుకుంటుంది తప్ప టన్ను బరువును ముందుకు తోయదు. లోడ్ పడితేనే పుట్టే చప్పుడు అక్కడెలా వస్తుంది?

అందుకే చప్పుడు ఎక్కడినుంచి వస్తోందని వెతికే ముందు, అది దేన్ని బట్టి పెరుగుతోంది, దేన్ని బట్టి తగ్గుతోంది అని చూడాలి. చోటు విషయంలో మన చెవి తేలిగ్గా మోసపోతుంది. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5 కిలోమీటర్లు పోతుంది, గాలిలో కంటే సుమారు 15 రెట్ల వేగం. సైలెన్సర్ దగ్గర పుట్టిన గలగల బాడీ రేకుల వెంట పాకి గేర్ రాడ్ దగ్గరో డాష్‌బోర్డులోనో వినబడుతుంది. డాష్‌బోర్డు అంతా విప్పించి, డబ్బు ఖర్చయ్యాక కూడా చప్పుడు అలాగే మిగిలిందంటే కారణం చాలాసార్లు ఇదే.

కారు చప్పుళ్లు ముఖ్యంగా మూడింటిని పట్టుకుని నడుస్తాయి: ఇంజన్ తిరిగే వేగం, చక్రాలు తిరిగే వేగం, ఇంజన్ మీద పడే లోడ్. వీటిని విడదీయడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. ముందు డిక్కీలో జాకీ, స్టెప్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూసి, డోర్లలో సీసాలు తీసేయండి. తర్వాత బండిని న్యూట్రల్లో ఉంచి నెమ్మదిగా రేస్ చేయండి. నిమిషానికి 1800 చుట్ల దగ్గర మోగి 2300 దగ్గర ఆగిపోతే అది ఇంజన్ వేగానికి సంబంధించినది. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక క్లచ్ తొక్కి బండిని దొర్లనివ్వండి. ఇంజన్ మాత్రం ఆపకూడదు, ఆపితే బ్రేకూ స్టీరింగూ బరువెక్కుతాయి. క్లచ్ తొక్కాక కూడా చప్పుడు కొనసాగితే చక్రాల వైపు చూడాలి. ఈ రెండు పరీక్షల్లోనూ రాకుండా, పెడల్ లోతుగా తొక్కితే వచ్చి, వదలగానే పోతే అది లోడ్ చప్పుడు. వినే పనీ, ఫోన్‌లో రికార్డు చేసే పనీ పక్క సీటులో ఉన్నవాళ్లకు అప్పగించండి.

మొదటి రకం వెనక ఉన్న భౌతికశాస్త్రం నాకు చాలా ఇష్టం. 4 సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు 2 సార్లు ఇంధనం మండుతుంది. నిమిషానికి 1800 చుట్లంటే సెకనుకు 30 చుట్లు, అంటే 60 దెబ్బలు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న 3 సిలిండర్ల ఇంజన్‌లో అవే చుట్లకు 45 దెబ్బలే. బండిలోని ప్రతి రేకుకూ, ప్రతి గొట్టానికీ తనదంటూ ఒక సహజ కంపన వేగం ఉంటుంది. ఇంజన్ దెబ్బల లెక్క దానితో కలిసిన క్షణాన కంపనం అమాంతం పెరుగుతుంది. దీన్నే అనునాదం అంటారు. వీధిలో లారీ పోతుంటే పెంకుటింట్లో ఒక్క కిటికీ అద్దమే గలగలమనడమూ ఇదే. బోల్టు వదులైన రేకు కంపనం పెరిగినప్పుడల్లా పక్కనున్న ఇనుముకు కొట్టుకుంటుంది. వేగం మారితే లెక్క తప్పి నోరు మూస్తుంది.

మన ప్రాంతంలో ఈ రకం చప్పుడుకు నేను మొదట అనుమానించేది హీట్ షీల్డునే. సైలెన్సర్ గొట్టం వేడి బాడీకీ రోడ్డుకూ నేరుగా తగలకుండా అడ్డుగా బిగించే పల్చటి రేకు అది. చాలా కార్లలో అల్యూమినియంతో చేస్తారు, బిగించే బోల్టు ఉక్కుది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తడిలో కలిసి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియం. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు తుంపరలు ఉంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. తీరంలో అంత తేమ మామూలే కాబట్టి, వాన లేని రోజుల్లో కూడా బండి అడుగు తడిసే ఉంటుంది. బోల్టు చుట్టూ రేకు తినేసి, కన్నం పెద్దదై, రేకు ఊగడం మొదలుపెడుతుంది.

సైలెన్సర్‌కు లోపలి నుంచి కూడా ముప్పుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూర ప్రయాణంలో గొట్టమంతా బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుంచి సంతకూ, స్కూలుకూ తిరిగే రెండు మూడు కిలోమీటర్లలో గొట్టం పూర్తిగా వేడెక్కదు, నీరు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. లోపలి పలకలు ఊడితే డబ్బాలో రాళ్లు వేసినట్టు మోగుతుంది, అప్పుడు ఆ భాగం మార్చడమే దారి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గలగలమనే హీట్ షీల్డును పీకి పారేయడం చాలాచోట్ల అలవాటు. చప్పుడు పోతుంది, ఖర్చు ఉండదు, అందరికీ హాయి. కానీ దాళ్వా (రెండో పంట) మాసూళ్ల రోజుల్లో మన రోడ్లు చూడండి. ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటుంది, మరో పక్క గడ్డి పరిచి ఉంటుంది. దాని మీదుగా పోతే ఎండుగడ్డి బండి అడుగున చుట్టుకుంటుంది. పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ లోపల కొన్ని వందల డిగ్రీల వేడి ఉంటుంది, బయటి తొడుగు కూడా గడ్డిని అంటించగలిగేంత కాలుతుంది. అడ్డు రేకు తీసేసిన బండికి ఆ గడ్డి నిప్పు పెట్టగలదు. రేకును తిరిగి బిగించడం పెద్ద పని కాదు. బండి చల్లారాక ర్యాంపు ఎక్కించి, పెద్దదైన కన్నానికి వెడల్పు వాషర్ వేసి బిగించవచ్చు, గొట్టం చుట్టూ ఉండే రేకైతే స్టీలు క్లిప్పుతో పట్టి ఉంచవచ్చు. గడ్డి రోడ్డు దాటాక అడుగున ఒకసారి చూసుకోవడం, సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చాక అడుగుభాగం మంచినీటితో కడిగించడం కూడా మంచిది.

వరదనీటిలో నడిపిన బండి అయితే కన్వర్టర్‌ను కూడా పరీక్షించాలి. దానిలో సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. బాగా కాలి ఉన్నప్పుడు ఒక్కసారిగా చల్లటి నీరు తగిలితే అది పగలవచ్చు. చల్లారాక రబ్బరు సుత్తితో తడితే లోపల ముక్కలు కదిలిన చప్పుడు వస్తుంది. ముక్కలు దారికి అడ్డుపడితే పికప్ కూడా పడిపోతుంది.

లోడ్ పడితే వచ్చే చప్పుళ్లలో ముఖ్యమైనది నాకింగ్. ఇది రేకు చప్పుడు కాదు, సన్నగా టిక్‌టిక్‌మనే లోహపు మోత. పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గు దగ్గర మొదలైన మంట వరసగా వ్యాపించాలి. వేడి, ఒత్తిడి మితిమీరితే మంట ఇంకా చేరని మూల మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ ఒత్తిడి తరంగాలు సిలిండర్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. చిన్న కారు సిలిండర్‌లో ఇవి సెకనుకు సుమారు 6 నుంచి 8 వేల సార్లు కంపిస్తాయి, ఆ కీచు స్వరం అందుకే. ఇంజన్‌కు తగిలించిన నాక్ సెన్సర్ దీన్నే విని కబురిస్తే, ఇంజన్ కంప్యూటర్ నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేస్తుంది.

వంతెన ఎక్కేటప్పుడు 4వ గేరులో 30 స్పీడుతో పెడల్ అదిమితే నాకింగ్‌ను మనమే పిలిచినట్టు. గేరు తగ్గిస్తే చాలాసార్లు పోతుంది. అయినా పోకపోతే కూలెంట్, ప్లగ్గులు, సిలిండర్ లోపల పేరుకున్న మసి, సెన్సర్ చూడాలి. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు పుట్టిన గడ్డ కాబట్టి మనదగ్గర సీఎన్‌జీ కార్లు చాలానే ఉన్నాయి. వాటికి ఒక తేలికైన పరీక్ష ఉంది. నాకింగ్‌ను ఇంధనం ఎంత తట్టుకోగలదో చెప్పేది ఆక్టేన్ విలువ. సహజవాయువుకు అది 120 దాకా ఉంటుంది, మామూలు పెట్రోలుకు 91 నుంచి 95. అదే వంతెన, అదే గేరు, పెట్రోలు మీద మోత వచ్చి గ్యాసు మీద రాకపోతే అది నాకింగ్ అనే చెప్పవచ్చు. రెండింటి మీదా వస్తే కారణం మరొకటి. డిక్కీలోని గ్యాసు సిలిండర్ బ్రాకెట్ కదులుతున్నట్టు అనిపిస్తే మాత్రం సొంతంగా పానా పట్టకుండా గ్యాసు కిట్టు వాళ్లకే చూపించండి.

పెడల్ తొక్కగానే ఒక్క దెబ్బ "ధడ్" మని, వదిలితే మళ్లీ ఒకటి వస్తే ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చిరిగి ఉండవచ్చు. మలుపులో యాక్సిలరేటర్ ఇస్తే టకటకమంటే, ఇంజన్ శక్తిని చక్రానికి అందించే సీవీ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, ఇసుక చేరి ఉంటుంది. చిరుగు తొలిరోజుల్లోనే కనిపిస్తే బూటూ గ్రీజూ మారిస్తే సరిపోతుంది, ఆలస్యమైతే యాక్సిలే మార్చాలి.

వీటిలో చాలావరకు నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు. ఒక్కదానికి మాత్రం క్షణం కూడా ఆగకూడదు. ఇంజన్ కింది భాగం నుంచి బరువుగా, సుత్తితో కొట్టినట్టు, తొక్కేకొద్దీ పెరిగే "డక్ డక్" చప్పుడుంటే, దానితో పాటు ఆయిల్ లైటు వెలిగితే, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతుండవచ్చు. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఆయిల్ పోసి చూద్దామని మళ్లీ స్టార్ట్ చేయకుండా, కట్టి లాగించుకునే షెడ్డుకు చేర్చండి.