పాపం అంటే పాపమేనా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌కు ఉద్యోగాల కోసం వచ్చిన ఉత్తరాదివాళ్లకు చాలా ఏళ్లుగా తెలుగు నేర్పుతున్నాను. మొదటి నెలలోనే వాళ్లను తికమకపెట్టే మాట ఒకటుంది: పాపం. దీని మీద తెలుగువాళ్లకూ అపోహలు తక్కువేం లేవు.

అపోహ: పాపం అంటే చేయరాని పని, అంతే.

వాస్తవం: నిఘంటువు తెరిస్తే మొదట కనిపించే అర్థం అదే. మన నోట మాత్రం ఎక్కువగా వచ్చేది జాలి పాపం. నా దగ్గర నేర్చుకునే ఒకతను కాలు బెణికి కుంటుతుంటే పక్కింటావిడ ‘అయ్యో పాపం!’ అందట. అతనికి తెలిసింది హిందీ ‘పాప్’. ‘నేనేం తప్పు చేశానండీ?’ అని నన్నడిగాడు. కన్నడిగులకైతే ఈ చిక్కు లేదు, జాలి కలిగితే వాళ్లూ ‘పాప’ అనే అంటారు. తమిళులకు, మలయాళీలకు ‘పావం’ ఉంది.

రెండు పాపాలనూ ఎలా విడదీయాలి? జాలి పాపం విభక్తులను దగ్గరికి రానివ్వదు. ‘పాపం, ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు’ అనొచ్చు, ‘ఆయన పాపం ఏమీ తినలేదు’ అనీ అనొచ్చు. ఎక్కడ పెట్టినా ఒదుగుతుంది. ‘అని’ ఒక్కటి మాత్రం చేరుతుంది: పాపమని పాత చీర ఇస్తే గోడచాటుకు వెళ్లి మూర వేసిందట!

అపోహ: ‘పాపానికి’, ‘పాపాన’ అన్నామంటే ఇక అది నరకానికి పోయే పాపమే.

వాస్తవం: అదీ కాదు. ‘ఎందుకు ఆలస్యమైందని అడిగిన పాపానికి నా మీద విరుచుకుపడ్డాడు.’ అడగడం పాపమని కాదు, అంత చిన్నదానికి ఇంత శిక్షా అని వాపోవడం.

నాకు మరీ ఇష్టమైనది ‘పాపాన పోలేదు’. ‘రోడ్డు గుంతలు పడి ఏడాదైనా అధికారులు పట్టించుకున్న పాపాన పోలేదు’ అని పేపర్లో తరచూ చదువుతుంటాం. పట్టించుకోవడం వాళ్ల లెక్కలో పాపం కాబోలు, పాపభీతి ఉన్నవాళ్లు గనక ఆ పని చేయలేదు! ఇలా విప్పి చెబితే క్లాసంతా నవ్వుతుంది. కొందరు తొందరలో ‘పట్టించుకోని పాపాన పోలేదు’ అని రాసేస్తుంటారు. అప్పుడు అధికారులు బ్రహ్మాండంగా పట్టించుకున్నట్టు అర్థం వస్తుంది.

అపోహ: ‘తలా పాపం తిలా పిడికెడు’.

వాస్తవం: ‘తిలా పాపం తలా పిడికెడు’ అనాలి. తిల అంటే నువ్వులు. నువ్వుల దానం పుచ్చుకుంటే పాపం అంటుకుంటుందని నమ్మకం. అందుకే ఆ పాపాన్ని తలా ఒక పిడికెడు పంచుకున్నారన్నమాట. ఇంట్లో టీవీ పాడైతే ఇంటిల్లిపాదికీ అందులో వాటా ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు.

అపోహ: పాపయ్య, పాపన్న పేర్లు పాపం నుంచే పుట్టాయి.

వాస్తవం: కాదు. పసిబిడ్డ అనే అర్థమున్న ‘పాప’ అచ్చ తెలుగు మాట, పాపమేమో సంస్కృతం. కరుణశ్రీ అని మనం పిలుచుకునే జంధ్యాల పాపయ్య శాస్త్రి, మొగలులను ఎదిరించిన సర్వాయి పాపన్న, మన కంటిపాప, అన్నీ ఆ పసిబిడ్డ వైపువే. పెన్నలో కలిసే పాపఘ్ని పేరులోనూ తిరుమల పాపవినాశనంలోనూ ఉన్నది మాత్రం అసలు పాపమే.

అపోహ: తప్పు, నేరం, పాపం ఒకటే.

వాస్తవం: లెక్కలో పొరపడితే తప్పు. టికెట్ లేకుండా రైలెక్కితే నేరం. అన్నం పారేస్తే పాపం, దానికి ఏ పోలీసూ రాడు. తప్పును దిద్దుకుంటాం, పాపాన్ని మూటగట్టుకుంటాం.

అపోహ: జాలితో అన్నదే కాబట్టి ఎవరినైనా పాపం అనేయొచ్చు.

వాస్తవం: అక్కడే జాగ్రత్త. ఆ మాటలో ఎదుటివాడు మనకంటే కాస్త కింద ఉంటాడు. చాటున అంటే జాలి, మొహం మీద అంటే ఒక్కోసారి ఎకసెక్కం. ‘పాపం, రెండే మేడలున్నాయట!’ అన్నప్పుడు అందులో జాలి ఎక్కడుంది? కాలు బెణికిన మనవాడు ఇప్పుడు ఉత్సాహం ఎక్కువై ప్రమోషన్ రాని తన మేనేజర్‌తో మీటింగ్‌లోనే ‘అయ్యో పాపం సార్’ అన్నాడట. ఆ వారం అతనికి సెలవు దొరకలేదు.