టెస్టోస్టెరాన్ తగ్గిస్తే కొట్టడం మానేస్తాడా? అపోహలు - వాస్తవాలు

అపోహ: మగవాడి కోపానికి మూలం టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను. దాన్ని తగ్గిస్తే చెయ్యి చేసుకోవడం మానేస్తాడు.

హార్మోన్ల వైద్యుడిగా నేను ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఈమధ్య ఒక తల్లి కొడుకు రిపోర్టు తెచ్చారు. టెస్టోస్టెరాన్ 620 (డెసిలీటరుకు నానోగ్రాముల్లో). వయసొచ్చిన మగవారిలో సుమారు 300 నుంచి 1000 వరకూ మామూలే. "బాగానే ఉందమ్మా" అనగానే ఆమె ముఖం వాడిపోయింది. ఏదో ఒక తేడా కనిపిస్తే మందు దొరుకుతుందని ఆశపడి వచ్చారు. పక్కనే కోడలు, చేతి మీద కమిలిన గుర్తులతో. కొడుకు రానేలేదు. కొడుకు చేస్తున్నది తప్పు అనుకోవడం కంటే జబ్బు అనుకోవడమే ఏ తల్లికైనా తేలిక. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆశ తీరేదాకా దెబ్బలు తినేది ఎవరు? ఆఫీసులో పై అధికారి కసిరినప్పుడూ అతని రక్తంలో ఉన్నది ఆ హార్మోనే కదా! అక్కడ చెయ్యి ఎందుకు లేవదు?

వృషణాలు తీసేసిన కోడిపుంజులు పోట్లాట మానేశాయని, తిరిగి అమర్చితే మళ్లీ కాలు దువ్వాయని 1849లో జర్మనీలో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. పుంజుల విషయంలో నిజమే. మనుషుల్లో ఆ సంబంధం చాలా బలహీనం. పైగా పోటీకి దిగడం, గెలవడం వల్ల కూడా హార్మోను పెరుగుతుంది. 2010లో జ్యూరిక్ పరిశోధకులు కొందరు స్త్రీలకు టెస్టోస్టెరాన్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా డబ్బు పంచుకునే ఆట ఆడించారు. హార్మోను తీసుకున్నవారు మరింత న్యాయంగా పంచారు. తమకు హార్మోనే ఇచ్చారని నమ్మినవారు మాత్రం ఎదుటివారికి తక్కువ ఇవ్వజూపారు. పుకారు చేసే పని ఇది!

ఆ ఇంట్లో అతనికి కావలసింది మానసిక వైద్యుడు, తాగుడు ఉంటే దానికి చికిత్స. ఆ కోడలికి కావలసింది రక్షణ. మహిళల హెల్ప్‌లైన్ 181.

మిగతావి క్లుప్తంగా. థైరాయిడ్ ఎక్కువైతే చిరాకు రావడం నిజమే. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కూడా ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి, చికిత్స ఉంది. ఆడవారి ప్రతి కోపాన్నీ నెలసరి ఖాతాలో వేయకండి. హార్మోను లోపం ఉన్న కుర్రవాడికి మేము రాసే మోతాదు అతన్ని రౌడీని చేయదు, భయపడి చికిత్స ఆపకండి. జిమ్‌లో చాటుగా అమ్మే ఇంజెక్షన్ల సంగతి వేరు: ఆ భారీ మోతాదులకు కొందరిలో కోపం పెరుగుతుంది, వీర్యకణాలు పడిపోతాయి. ఆస్తమాకో కీళ్లవాతానికో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడుతుండగా నిద్ర పట్టక చిరాకుగా ఉంటే మీ డాక్టరుకు చెప్పండి. చాలా రోజులుగా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.