ఇంకుడు గుంత ఉంది కదా, ఇంకేం కావాలి? సుస్థిరతపై కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఇంకుడు గుంతలు, మురుగునీటి శుద్ధి ప్లాంట్లు డిజైన్ చేయడం నా పని. సంఘాల సమావేశాల్లో ‘సుస్థిరాభివృద్ధి’ అనగానే సగం మంది గడియారం చూసుకుంటారు, తక్కినవాళ్లు మొక్కలు ఎప్పుడు నాటుదామని అడుగుతారు. తప్పు వాళ్లది కాదు, ఆ మాటను అంత బరువు చేసింది మా బోటివాళ్లమే. నేను మాత్రం దాన్ని ఇంటి జమాఖర్చులాగే చెబుతాను: ఏడాదికి ఎంత తీస్తున్నాం, ఎంత తిరిగి వేస్తున్నాం. ఆ లెక్క కట్టనివ్వని అపోహలు ఇవి.

అపోహ: మా భవనానికి ఇంకుడు గుంత ఉంది, నీళ్ల సంగతి చూసుకున్నట్టే.

కాగితం మీద వేసి చూడండి. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 200 చదరపు మీటర్ల డాబా ఉన్న సొంత ఇంటికి, ఐదో వంతు వృథా పోయినా, 1,28,000 లీటర్లు దక్కుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో నలుగురికి 540 లీటర్లు. అంటే 237 రోజుల నీళ్లు. బాగుంది. ఇప్పుడు 600 చదరపు మీటర్ల డాబా కింద 20 కుటుంబాలు ఉన్న అపార్ట్‌మెంటును తీసుకోండి. వచ్చేది 3,84,000 లీటర్లు, రోజు వాడకం 10,800. ముప్పై ఆరు రోజులకు కూడా చాలదు. గుంత వద్దని నేననడం లేదు. దాన్ని చూపించి బోరు మీద బోరు వేయవద్దంటున్నాను.

అదీ గుంత పనిచేస్తేనే. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, అన్నిటికన్నా పైన ముతక ఇసుక వేస్తాం. వానతో కొట్టుకొచ్చే మట్టి ఆ ఇసుకలోనే ఆగుతుంది. రెండు మూడేళ్లు ముట్టుకోకపోతే పైపొర గట్టిపడి, నీరు దిగకుండా మీదే నిలిచిపోతుంది. మే నెలలో ఆ ఇసుక తీసి, కడిగి మళ్లీ పోయాలి. ఒక్క రోజు పని! ఒక చోట గుంత ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్ పార్కింగులో టైల్స్‌ను కాలితో తట్టి చూపించాడు. దాని మీద కారు కూడా ఉంది.

అపోహ: ఇంకా లోతుకు వెళితే నీళ్లు తప్పక పడతాయి.

మన కాళ్ల కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నీరు ఉండేది పైనున్న మొరం పొరలో, దాని దిగువ రాతి పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ సాధారణంగా ఆ పగుళ్లూ తగ్గుతాయి. వెయ్యి అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయంటే ఎక్కడో ఒక పగులు తగిలిందన్నమాట. పక్కింటి బోరుకూ ఆధారం అదే కావచ్చు. ఆ నీరు చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో గానీ, తోడెయ్యడానికి రెండు మోటార్లు, ఒక వేసవి చాలు.

అపోహ: అభివృద్ధి కావాలంటే పర్యావరణాన్ని కొంత వదులుకోవాలి.

నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ నాయకత్వంలోని ఐక్యరాజ్య సమితి కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధికి ఇచ్చిన నిర్వచనం ఇంతే: రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే వీలును చెడగొట్టకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవడం. అభివృద్ధి వద్దన్న మాట ఇందులో ఎక్కడా లేదు. మన నగరానికి దీని ఉదాహరణ అంతకన్నా పాతది. 1908లో మూసీ వరద ఊరిని ముంచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో ఎగువన ఉస్మాన్‌సాగర్, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ కట్టారు. వరదను ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు ఊరికి తాగునీరు ఇచ్చాయి. జలాశయాన్ని ఇంజనీరు కట్టగలడు గానీ, నింపేది ఎగువ నేలే. 1996 నాటి 111 జీవో ఈ రెండు జలాశయాల ఎగువనున్న 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది అందుకే.

అపోహ: చుట్టూ గోడ, వాకింగ్ ట్రాక్, రంగు దీపాలు వస్తే చెరువు బాగుపడినట్టే.

మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే ఆ నీరు నాలా గుండా కిందిచెరువుకు చేరాలి. నాలాను మూసి చెరువుకు నగిషీలు చెక్కితే, అది దారి తెగిన తొట్టి. 2020 అక్టోబరు వానలకు కట్టలు తెగి కాలనీల్లోకి నీరు వచ్చినప్పుడు అందరూ వానను తిట్టారు. నేనైతే ముందు పాత పటం తెచ్చి నాలా ఎక్కడుండేదో చూస్తాను.

ప్లాస్టిక్ సంచుల మాట ఒకటుంది. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని రాసిన సంచి చాలావరకు పరిశ్రమ స్థాయి ఎరువు యూనిట్లలో ఉండే వేడికే కుళ్లుతుంది, మీ పెరట్లో కాదు. గుడ్డ సంచి మంచిదే, పది కొని అటకమీద పెట్టకపోతే.

అపోహ: శుద్ధి చేసిన మురుగునీరు కంపు కొడుతుంది, ఆ ప్లాంటు దండగ.

ఈ మాట నాకు బాగా తగులుతుంది, కాబట్టి కాస్త విసుగ్గానే రాస్తున్నాను. మనిషికి రోజుకు లెక్కేసిన ఆ 135 లీటర్లలో సుమారు 45 లీటర్లు టాయిలెట్ ఫ్లష్‌కే పోతాయి. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి, శుద్ధి చేసి తెస్తున్నాం. శుద్ధి చేసిన మురుగునీటిని ఫ్లష్‌కు వాడకుండా, ఈ మంచినీటిలో మూడో వంతును అలా పారబోస్తే నీటితో పాటు కరెంటూ పోతుంది. ప్లాంటులో శుద్ధి చేసేది బ్యాక్టీరియా. వాటికి గాలి కావాలి, ఆ గాలిని బ్లోయర్ ఇస్తుంది. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు దాన్ని ఆపేసే సంఘాలు నాకు చాలా తెలుసు. తెల్లారేసరికి గాలి అందక ఆ జీవుల పని కుంటుపడుతుంది, వాసన మొదలవుతుంది, నాకు ఫోను వస్తుంది. నేను ముందు అడిగేది ఒక్కటే: రాత్రి బ్లోయర్ తిరిగిందా? అవతల కాసేపు మౌనం, తర్వాత, “ఆపరేటర్‌ను కనుక్కుని చెబుతాం సార్.”