వార్‌హెడ్ ఉన్న చోట

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన క్షిపణి వీ-2. దాని ఇంజిను మండేది ఒక్క నిమిషం పైచిలుకు. ఆ తర్వాత అది విసిరిన రాయే. ఏటవాలుగా వదిలితే మూడు వందల కిలోమీటర్ల అవతల ఏ నగరం మీదో పడుతుంది. ఇంచుమించు నిట్టనిలువుగా వదిలితే నూరు కిలోమీటర్లు దాటి, వాతావరణం పైకి తొంగి చూసి కిందికి వచ్చేస్తుంది. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. దీనికి అందులో పావు వంతు కూడా లేదు. అయినా ఆ కాసేపే శాస్త్రజ్ఞులకు గొప్ప వరమైంది.

యుద్ధం ముగిశాక జర్మనీలో చేజిక్కిన వీ-2 భాగాలను అమెరికా న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌కు చేర్చింది. 1946లో ప్రయోగాలు మొదలయ్యాయి. ముక్కులో టన్ను బరువుండే వార్‌హెడ్‌, అంటే పేలుడు భాగం, తీసేస్తే రాకెట్ నిలకడ తప్పుతుంది. అందుకే పరికరాల బరువు చాలనప్పుడు అక్కడ సీసం నింపేవారు.

ఎగరడం కన్నా తిరిగి దొరకడం కష్టమైంది. జూన్ 28న సూర్యకాంతిని విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్‌ను ముక్కులో పెట్టి పంపారు. రాకెట్ ముక్కు కిందుగా నేలలోకి దిగబడింది. పెద్ద గొయ్యి మిగిలింది, ఫిల్మ్ దొరకలేదు. అక్టోబర్ 10న శాస్త్రజ్ఞుడు రిచర్డ్ టూసీ బృందం అదే పరికరాన్ని తోక రెక్కలో అమర్చింది. పైగా దిగివచ్చేటప్పుడు ముక్కును పేల్చి విడగొట్టారు. మొన తెగిన రాకెట్ పల్టీలు కొడుతూ, వేగం తగ్గి పడింది. ఈసారి ఫిల్మ్ చేతికొచ్చింది.

అందులో ఏముంది? సూర్యుడి అతినీలలోహిత కాంతిలో సుమారు 290 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలు నేలకు చేరవు, ఓజోన్ మింగేస్తుంది. రాకెట్ పైకెక్కే కొద్దీ ఒక్కో ఫ్రేములో వర్ణపటం ఆ హద్దు దాటి సాగింది. ఓజోన్ పొర ఒక్కో మెట్టూ కిందికి జారిపోవడాన్ని ఫిల్మ్ మీద చూడగలిగారు! నాకు ఆ యుగపు ప్రయోగాలన్నింటిలో ఇదే అందమైనది.

ఆ వీ-2లను జర్మనీలోని మిట్టెల్‌వెర్క్ కర్మాగారపు సొరంగాల్లో నిర్బంధ శిబిరపు ఖైదీల చేత కట్టించారు. వేలమంది ఆ చాకిరీలోనే చనిపోయారు. ఆ ఫిల్మ్ గురించి చెబుతూ వాళ్లను వదిలేయడం తప్పు.

తర్వాత మరికొన్ని క్షిపణులూ పరిశోధన రాకెట్లయ్యాయి. అమెరికా క్షిపణి మినిట్‌మన్-1 రెండో దశతో ఏరీస్ రాకెట్ వచ్చింది. రష్యా జలాంతర్గామి క్షిపణి ఆర్-29ఆర్, వోల్నా అనే రాకెట్‌గా మారింది. 1995 జూన్ 7న బేరెంట్స్ సముద్రంలో నీటి అడుగు నుంచి లేచిన వోల్నా, జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయం వారి పరికరాన్ని రష్యా తూర్పు కొసనున్న కంచట్కాకు మోసుకెళ్లింది. ఇంజిన్లు ఆగాక రాకెట్టూ పరికరమూ ఒకే తీరున పడుతుంటాయి కాబట్టి లోపల బరువు తెలియదు. ఒకప్పుడు వార్‌హెడ్ కూర్చున్న చోట, ఇరవై నిమిషాల పాటు, బరువు లేని ద్రవంలో వేడి ఎలా కదులుతుందో చూశారు.