కౌన్సిలర్ అంటే వార్డు మెంబర్ కాదండీ: మసాచుసెట్స్ గవర్నర్స్ కౌన్సిల్ ఎన్నికలపై అపోహలు - వాస్తవాలు

మసాచుసెట్స్‌లో ఎన్నికల రోజు రాత్రి 8 గంటలకి పోలింగ్ అయిపోతుంది. అప్పుడు మెషిన్ నుంచి కిరాణా కొట్టు బిల్లులాంటి పొడుగాటి కాగితం చుట్ట బయటికొస్తుంది. ఒక్కో పదవి కింద అభ్యర్థుల పేర్లు, వాళ్ళకొచ్చిన ఓట్లు, చివర్లో ‘బ్లాంక్స్’ అని ఒక లైను. అంటే ఆ పదవికి ఎవరికీ ఓటు వెయ్యకుండా ఖాళీగా వదిలేసినవాళ్ళ లెక్క. గవర్నర్ దగ్గర ఆ అంకె చిన్నదే. గవర్నర్స్ కౌన్సిల్ సభ్యుడు, అంటే కౌన్సిలర్ దగ్గరికొచ్చేసరికి బాగా లావెక్కుతుంది. ప్రతిసారీ ఇదే తంతు.

అమెరికన్లు ఆ పదవేమిటో తెలియక వదిలేస్తారు. మనవాళ్ళు తెలుసనుకుని వదిలేస్తారు. కౌన్సిలర్ అనగానే మనకు మునిసిపాలిటీ, వార్డు, కుళాయి నీళ్ళు, మురిక్కాలవ గుర్తొస్తాయి. "మా వీధిలో మంచు సరిగ్గా తియ్యట్లేదమ్మా, అందుకే ఆ కౌన్సిలర్ గడి ఖాళీగా వదిలేశా" అన్నారు ఓ పెద్దాయన, ఏదో బుద్ధి చెప్పినట్టు. మంచు తీసేది టౌన్ వాళ్ళు. ఆయన వదిలేసింది జడ్జీల నియామకంలో తనకున్న మాటని.

బోస్టన్‌కి పడమటి వైపు, మనవాళ్ళు బాగానే ఉన్న ఒక ఊళ్ళో నేను పోలింగ్ పని చేస్తుంటాను. మొదట లిస్టులో పేర్లు చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేశాను, ఇప్పుడు పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసింక్ట్ వార్డెన్‌ని. ఉద్యోగం వేరే ఉంది. ఎన్నికల రోజు సెలవు పెట్టి తెల్లవారుజామునే స్కూల్ జిమ్‌కి వెళ్ళిపోతాను. గుళ్ళోనూ, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గరా నన్ను ఆపి అడిగే ప్రశ్నలకి ఒకేసారి జవాబు రాసేస్తే పోతుందని ఇది మొదలుపెట్టాను.

"గవర్నర్స్ కౌన్సిల్ అంటే సలహా మండలే కదా, సలహా ఇస్తారు, గవర్నర్ వింటే వింటారు"

కాదు. ఇక్కడ మాట ‘సలహా, సమ్మతి’. అసలు బలం సమ్మతిలో ఉంది. గవర్నర్ ఎవరినైనా జడ్జిగా ప్రతిపాదించొచ్చు, కానీ కౌన్సిల్ ఒప్పుకోకపోతే ఆ మనిషి కుర్చీ ఎక్కలేరు. మసాచుసెట్స్‌లో జడ్జీలకి ఎన్నికలు లేవు. ఒకసారి కూర్చుంటే 70 ఏళ్ళ వయసు దాకా కదిలించేవాళ్ళుండరు. జిల్లా కోర్టు నుంచి రాష్ట్ర సుప్రీం కోర్టు దాకా అందరూ ఈ గుమ్మంలోంచే వెళ్ళాలి.

‘నాకు కోర్టుతో పనేంటి’ అంటారు. రూట్ 9 మీద స్పీడింగ్ టికెట్ వచ్చి అప్పీల్‌కి వెళ్ళినవాళ్ళు చెప్పాలి. అక్కడ మొదట మీ మాట వినేది చాలాసార్లు క్లర్క్ మెజిస్ట్రేట్. ఆ నియామకానికీ కౌన్సిల్ ఆమోదం కావాలి. విడాకులు, పిల్లల కస్టడీ చూసే ఫ్యామిలీ కోర్టు జడ్జికీ అంతే, ఇంటి ఓనర్‌తో తగువు తీర్చే హౌసింగ్ కోర్టు జడ్జికీ అంతే, పెరోల్ బోర్డు సభ్యులకీ అంతే. హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మడానికి జీపీఏ మీద ముద్ర వేసే నోటరీని ఏడేళ్ళకి నియమించేది కూడా గవర్నరే, ఈ కౌన్సిల్ సమ్మతితోనే.

క్షమాభిక్ష కూడా గవర్నర్ ఒక్కరి చేతిలో లేదు. 2024 మార్చిలో గవర్నర్ మౌరా హీలీ గంజాయి దగ్గర పెట్టుకున్న కేసుల్లో శిక్ష పడినవాళ్ళందరికీ మాఫీ ప్రకటించారు. ఆ రోజే అయిపోయిందనుకున్నవాళ్ళున్నారు. అయింది ఏప్రిల్ 3న, కౌన్సిల్ ఓటు వేశాక.

మొత్తం ఎనిమిది మంది, రెండేళ్ళకోసారి ఎన్నిక. తొమ్మిదో మనిషి లెఫ్టినెంట్ గవర్నర్, ఆ పదవి వల్లే వచ్చి కూర్చుంటారు. ఒక్కో కౌన్సిలర్ జిల్లా అంటే ఐదు స్టేట్ సెనేట్ జిల్లాలు కలిపిన ముక్క, అందులో సుమారు 8.8 లక్షల జనం. ఈ రాష్ట్రం నుంచి వాషింగ్టన్‌కి వెళ్ళే కాంగ్రెస్ దిగువసభ సభ్యులు తొమ్మిది మంది, ఇక్కడ కౌన్సిలర్లు ఎనిమిది మంది. అంటే మీ కౌన్సిలర్ నియోజకవర్గం మీ కాంగ్రెస్ సభ్యుడి నియోజకవర్గం కన్నా పెద్దది. వార్డు మెంబర్ అనేవాళ్ళు కాస్త ఆలోచించాలి.

1964లో ఓటర్లే కౌన్సిల్ అధికారాలు చాలావరకు కత్తిరించిన మాట నిజం. ‘దానికి పవర్ లేదు’ అనే మాట అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. 1780 నాటి రాజ్యాంగంలో ఉన్నవి మాత్రం అలాగే ఉన్నాయి.

"నేను ఇండిపెండెంట్‌ని, ప్రైమరీలో నాకు ఓటు లేదు"

ఇదండీ అసలు రోగం. మిగతా అపోహలన్నీ కలిపినా ఇది చేసే నష్టంలో సగం చెయ్యవు.

ముందు మన తెలుగువాళ్ళ కథ ఎలా నడుస్తుందో చెప్తాను. పౌరసత్వ ప్రమాణం అవుతుంది, చేతిలో చిన్న జెండా, ఫోటోలు, అక్కడే ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం. పార్టీ అన్నచోట ‘మనకెందుకులే ఈ పార్టీల గొడవ’ అని ఏ పార్టీ వద్దని టిక్ పెడతారు. అలాంటి ఓటరుని ఇక్కడ ‘అన్‌ఎన్‌రోల్డ్’ అంటారు. ఈ రాష్ట్రంలో ప్రతి పదిమంది ఓటర్లలో ఆరుగురికి పైగా వీళ్ళే. అక్కడిదాకా తప్పేం లేదు. తర్వాత ఎవరో చెప్తారు, ప్రైమరీ అంటే పార్టీవాళ్ళు అభ్యర్థుల్ని ఎంచుకునే లోపలి వ్యవహారం, బయటివాళ్ళకి పని లేదని. వేరే కొన్ని రాష్ట్రాల్లో అది నిజమే. న్యూయార్క్‌లో ఉండే బావగారు చెప్పింది ఇక్కడ పట్టుకుంటే ఎలా?

మసాచుసెట్స్‌లో అన్‌ఎన్‌రోల్డ్ ఓటరు ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వెయ్యొచ్చు. ఏదో ఒక్కదాంట్లోనే, కానీ ఏది కావాలన్నది మీ ఇష్టం. నిజానికి పార్టీలో పేరున్నవాళ్ళకే ఆ స్వేచ్ఛ లేదు, వాళ్ళు తమ పార్టీ బ్యాలెట్ మాత్రమే తీసుకోవాలి. తలుపు తెరిచి ఉన్నది మీకు, మీరేమో బయట నిలబడి తాళం వేశారనుకుంటున్నారు.

కౌన్సిల్ విషయంలో ఇది ఎందుకంత ముఖ్యమంటే, నవంబర్లో జరిగే అసలు ఎన్నికలో చాలా జిల్లాల్లో కౌన్సిలర్ కింద ఒక్క పేరే ఉంటుంది. పోటీ అనేది ఉంటే గింటే సెప్టెంబర్‌ ప్రైమరీలోనే. 2024లో మూడో జిల్లాలో 1999 నుంచి ఆ సీట్లో ఉన్న మెరిలిన్ డెవానీ ఓడిపోయింది నవంబర్లో కాదు, సెప్టెంబర్ 3న, ప్రైమరీలో మారా డోలన్ చేతిలో. నవంబర్ దాకా ఆగినవాళ్ళకి చూడటానికి ఫలితమే మిగిలింది.

ఆ సెప్టెంబర్ 3 మంగళవారం నాకు బాగా గుర్తు. లేబర్ డే మర్నాడు. లాంగ్ వీకెండ్‌కి వెళ్ళినవాళ్ళు అప్పుడే తిరిగొచ్చారు, స్కూళ్ళు తెరిచే హడావిడి, ఆ శనివారమే వినాయక చవితి. సాయంత్రం ఆరున్నరకి ఒక జంట వచ్చారు. ఆవిడ లైన్లోకి వెళ్ళారు. ఆయన బాబుని ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన మడత కుర్చీలో కూర్చున్నారు. తెలుగు మాటలు వినపడి దగ్గరికెళ్ళాను.

"మీరు వెయ్యరా?"

"ఆవిడకి పార్టీ ఉందండీ. నేను ఇండిపెండెంట్‌ని కదా, నాకు నవంబర్లోనే."

"పదండి, లిస్టులో చూద్దాం."

ఇక్కడ మొదట వీధి పేరు, ఇంటి నంబరు అడుగుతాం, తర్వాతే మనిషి పేరు. (ఇంటిపేరు ముందా వెనకా అని మనవాళ్ళు పడే టెన్షన్ దీనివల్ల సగం తగ్గిపోతుంది.) ఆయన పేరు పక్కన పార్టీ అక్షరం దగ్గర ‘యూ’ అని ఉంది, అన్‌ఎన్‌రోల్డ్. ఇన్‌స్పెక్టర్ మామూలుగా ‘ఏ బ్యాలెట్ కావాలి?’ అని అడిగింది. ఆ రోజు మూడున్నాయి: డెమొక్రటిక్, రిపబ్లికన్, లిబర్టేరియన్. ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "తీసుకుంటే నన్ను ఆ పార్టీలో కలిపేస్తారా అక్కా?" అన్నారు.

కలపరు. బయటికి వెళ్ళాక కూడా మీరు ‘యూ’నే. మళ్ళీ వెనక్కి మార్చుకోవాల్సిన పనీ లేదు. పక్కనున్న న్యూ హ్యాంప్‌షైర్‌లో మాత్రం ఏ పార్టీలోనూ లేనివాళ్ళు ప్రైమరీ బ్యాలెట్ తీసుకుంటే ఆ పార్టీ లెక్కలోకి వెళ్తారు, బయటికొచ్చేటప్పుడు ఫారం నింపి వెనక్కి మార్చుకోవాలి. అక్కడ నాషువాలో ఉండే స్నేహితుడు చెప్పింది అక్కడికే నిజం. ఒక్క మాట దాచకుండా చెప్పాలి: మీరు ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో లిస్టులో రాస్తాం. అందులో ఎవరికి వేశారన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆయన ఓటు వేశారు. వెళ్తూ, "పన్నెండేళ్ళుగా సిటిజన్‌ని, ఎన్ని వదిలేశానో" అని తల పట్టుకున్నారు. నేను పెద్దగా ఓదార్చలేదు, ఎందుకంటే నేనే మొదట్లో మూడు ప్రైమరీలు ఇలాగే వదిలేశాను.

ఇదే రోగానికి ఇంకో రూపం ఉంది. పోస్టులో ఓటు కోసం అప్లికేషన్ కార్డు ఇంటికొస్తుంది. అన్‌ఎన్‌రోల్డ్ ఓటర్లు దాని మీద ఏ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ కావాలో టిక్ పెట్టాలి. మనవాళ్ళు ‘నాకు పార్టీ లేదు కదా’ అని ఆ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టి పంపుతారు. ఏది పంపాలో తెలియకుండా ఊరి ఎన్నికలు చూసే టౌన్ క్లర్క్ ఏం పంపుతారు? ప్రైమరీ బ్యాలెట్ రాదు. ‘చూశారా, నేను చెప్పలా, మనకి లేదని’ అని మళ్ళీ అదే పుకారు.

మరొకటి. ‘ఇండిపెండెంట్’ అనే మాట ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. కొన్నేళ్ళ క్రితం యునైటెడ్ ఇండిపెండెంట్ పార్టీ అని నిజంగానే ఒక పార్టీ ఉండేది. స్వతంత్రులం అనుకుని అందులో పేరు రాయించుకున్నవాళ్ళు 2016 మార్చి ప్రైమరీకి వచ్చి, పెద్ద పార్టీల బ్యాలెట్ దొరక్క తెల్లమొహం వేశారు. ఫారం నింపేటప్పుడు ‘నో పార్టీ’ గడి చూసి టిక్ పెట్టండి. రిజిస్ట్రేషన్‌కైనా, పార్టీ మార్పుకైనా గడువు ఎన్నికకి పది రోజుల ముందు వరకే.

"సెన్సస్ ఫారం నింపితే ఓటరుగా చేర్చేస్తారు, గ్రీన్ కార్డు పోతుంది"

ఈ భయం చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది. ప్రతి ఏడాది మొదట్లో టౌన్ నుంచి వచ్చే ఆ కాగితం ఇంట్లో ఎవరెవరున్నారో లెక్క, అంతే. అది ఓటరు రిజిస్ట్రేషన్ కాదు. హెచ్‌-1బీ వాళ్ళైనా, గ్రీన్ కార్డు వాళ్ళైనా నింపొచ్చు, నింపాలి కూడా. పౌరులు దాన్ని చెత్తబుట్టలో పారేస్తే ఓటర్ల జాబితాలో ‘ఇన్‌యాక్టివ్’ అవుతారు. పేరు వెంటనే పోదు గానీ ఎన్నికల రోజు ఐడీ చూపించి ఒక ఫారం మీద సంతకం పెట్టాలి.

జ్యూరీ డ్యూటీకి మనుషుల్ని తీసేది కూడా ఈ జాబితా నుంచే, ఓటర్ల జాబితా నుంచి కాదు. జ్యూరీకి పిలుస్తారని ఓటు నమోదు మానుకునేవాళ్ళారా, ఓటు లేకపోయినా పిలుస్తారు. వీసా మీద ఉన్న ఒక అమ్మాయి ఆ సమన్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది, చేతులు వణుకుతున్నాయి, అరెస్టు వారెంటే అనుకుంది పాపం. ‘పౌరురాలిని కాను’ అని గడిలో టిక్ పెట్టి జవాబు పంపితే సరిపోయింది, పది నిమిషాల పని. జవాబివ్వకుండా ఊరుకోవడమే తప్పు.

అసలు భయపడాల్సింది ఇంకోచోట. పౌరులు కానివాళ్ళు పొరపాటునైనా ఓటరుగా నమోదవకూడదు, ఓటు వెయ్యకూడదు. ‘ఊరి ఎన్నికే కదా’, ‘కౌన్సిలరే కదా’ అనడానికి లేదు. దేశం వదిలి వెళ్ళాల్సి రావచ్చు. మీరు అడక్కుండానే ఓటరు కార్డు లాంటిది ఇంటికొస్తే దాన్ని వాడకుండా ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, టౌన్ క్లర్క్‌కి చెప్పి పేరు తీయించుకోండి.

మిగిలినవి గబగబా

కొన్ని గడులు ఖాళీగా ఉంటే బ్యాలెట్ మొత్తం చెల్లదంటారు. చెల్లుతుంది, నింపినవన్నీ లెక్కలోకొస్తాయి. ఒక పదవికి ఇద్దరిని నింపితే ఆ ఒక్క పదవి ఓటే పోతుంది. అదీ అక్కర్లేదు, కొత్త బ్యాలెట్ అడగండి, ఇస్తాం.

గవర్నరే కౌన్సిల్‌ని నియమిస్తారనేది మన దగ్గర గవర్నర్ని రాష్ట్రపతి నియమించే అలవాటు నుంచి వచ్చింది. ఇక్కడ గవర్నర్‌కీ ఓట్లే, కౌన్సిలర్‌కీ ఓట్లే.

న్యూ హ్యాంప్‌షైర్‌ కౌన్సిలూ, మా రాష్ట్ర కౌన్సిలూ ఒకటి కాదు. అక్కడ ఐదుగురు, రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టులు కూడా వాళ్ళ ఓటు మీదే కదులుతాయి. ఇలా ఎన్నికతో ఏర్పడే కౌన్సిల్ ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉంది.

కౌన్సిల్ పని రహస్యంగా జరగదు. మామూలుగా బుధవారాలు బోస్టన్ స్టేట్ హౌస్‌లో కూర్చుంటారు. జడ్జి పదవికి ప్రతిపాదించిన వాళ్ళ విచారణకి ఎవరైనా వెళ్ళి అనుకూలంగానో వ్యతిరేకంగానో మాట్లాడొచ్చు. నేను ఒకసారి వెళ్ళాను. పార్కింగ్‌కి అయిన ఖర్చు చెప్తే మీరెవరూ వెళ్ళరు, రైలెక్కండి.

వేలికి సిరా వెయ్యం. నిరుడు ఊరి నుంచి వచ్చిన మా మామయ్యగారు పోలింగ్ అయ్యాక నా ఎడమ చేతి చూపుడు వేలు రెండు వైపులా తిప్పి చూసి, "మరి రెండోసారి వెయ్యకుండా ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. లిస్టులో పేరు మీద గీత కొడతాం మామయ్యా, అన్నాను. ఆయనకది నచ్చలేదు.