పన్నులు మావి, సీటు ఎవరిది?

ఏటా మార్చిలో కాలిఫోర్నియాలో అడ్మిషన్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో వినపడే మాట ఒకటే: "మా పన్నులతో నడిచే యూనివర్సిటీలో మా పిల్లకే సీటు లేదా?" ఈ ఉక్రోషం వెనక అరవై ఏళ్లు దాటిన ఒక హామీ ఉంది.

1960లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అధ్యక్షుడు క్లార్క్ కెర్ నాయకత్వంలో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ తయారైంది. హైస్కూల్ పూర్తిచేసిన వాళ్లలో పైనున్న ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతా వాళ్లకు కమ్యూనిటీ కాలేజీలు. రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ ఫీజు వద్దనీ అన్నారు. అయితే ఆ యూనివర్సిటీలో అందరూ కోరుకునే బర్క్‌లీ క్యాంపస్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో సీటిస్తామని మాత్రం ఎవరూ అనలేదు. అప్పట్లో ఆ తేడా పెద్దగా ఎవరికీ పట్టలేదు. రాష్ట్ర జనాభా అప్పుడు 1.57 కోట్లు, 2020 నాటికి 3.95 కోట్లు. 1965 తర్వాత ఆ యూనివర్సిటీ డిగ్రీ చదువుకు కొత్తగా తెరిచిన క్యాంపస్ మాత్రం ఒక్కటే, 2005లో మెర్సెడ్. అర్హత ఉండీ కోరుకున్న చోట సీటు రాని పిల్లలకు అక్కడ చోటుందని కబురొస్తుంది. చాలామంది వద్దనుకుంటారు. కాగితం మీద హామీ నిలబడినట్టే, ఇంట్లో మాత్రం ఏడుపు.

దీనికి డబ్బు గొడవ తోడైంది. 2008 మాంద్యం తర్వాత రాష్ట్రం నిధులు కోసేసింది. క్యాంపస్‌లు బయటి రాష్ట్రాల, విదేశాల విద్యార్థుల వైపు చూశాయి. వాళ్లు కట్టే అదనపు ఫీజు ఇప్పుడు ఏడాదికి 30 వేల డాలర్లకు పైనే. దీనివల్ల స్థానికులకు నష్టం జరిగిందని 2016లో రాష్ట్ర ఆడిటర్ తేల్చారు. మరుసటి ఏడాది చాలా క్యాంపస్‌లలో బయటివాళ్లు 18 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. నార్త్ కరోలినా ఈ పని 1986లోనే చేసింది.

2020లో అడ్మిషన్లకు చూసే శాట్ పరీక్ష కూడా పక్కకు పోయింది. లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కు ఏటా లక్షా నలభై వేలకు పైగా దరఖాస్తులు, సీటొచ్చేది నూటికి సుమారు తొమ్మిది మందికి. మార్కులన్నీ ఉండీ ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. నన్నడిగితే అసలు టెన్షన్ అదే.

టెక్సస్‌లో రూల్ స్పష్టంగానే ఉంది, అయినా కోపం తగ్గలేదు. 1996లో కోర్టు తీర్పు జాతిని లెక్కలోకి తీసుకోవద్దన్నాక, 1997లో ప్రతి హైస్కూల్లో పై 10 శాతానికి నేరుగా సీటిచ్చే చట్టం తెచ్చారు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్ ఆ తాకిడికి తట్టుకోలేకపోయింది. 2009లో చట్టం సవరించి, రాష్ట్ర విద్యార్థుల సీట్లలో ఇలా నిండేవి 75 శాతం దాటకుండా చూశారు. దాంతో ఆస్టిన్‌లో నేరుగా సీటొచ్చే గీత 7 శాతానికి, తర్వాత 6కి, 2026 ఫాల్ నుంచి 5కి జరిగింది. పోటీ ఎక్కువున్న స్కూల్లో ఎనిమిదో శాతంలో ఉన్న పిల్లాడి తల్లికి ఇది మింగుడుపడదు. గీత దాటిన వాళ్లకైనా ఖాయమయ్యేది యూనివర్సిటీలో సీటే, కోరుకున్న కంప్యూటర్ సైన్స్‌లో కాదు.