18 అంగుళాల కాంగ్: రాక్షస సినిమాలపై అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో యానిమేషన్ నేర్పడం నా వృత్తి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే పీటర్ జాక్సన్ 2005లో తీసిన, కాంగ్ అనే రాక్షస గొరిల్లా కథ ‘కింగ్ కాంగ్’ చూపిస్తాను. మూడు గంటల పైచిలుకు సినిమా. మర్నాడు 1933 నాటి అసలు కాంగ్‌ను చూపిస్తాను. ఆ తర్వాత ఏటా ఇవే అపోహలు వింటున్నాను.

అపోహ: పాత కాంగ్ అంటే గొరిల్లా వేషం కట్టిన మనిషి.

వాస్తవం: కానే కాదు. అది దాదాపు 18 అంగుళాల బొమ్మ. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన రబ్బరు, ఆ పైన కుందేలు బొచ్చు. ఆ సినిమాకు బొమ్మలను కదిలించిన విల్లిస్ ఓబ్రయన్ బృందం దాన్ని వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము (ఒక్క ఫొటో) తీసేది, మళ్లీ కదిపి ఇంకొకటి. సెకను సినిమాకు 24 ఫ్రేములు! కాంగ్ ఒంటి మీద బొచ్చు గాలి లేకుండానే అలలుగా కదలడం గమనించండి. బొమ్మను కదిపిన వేళ్లు తగిలి చెదిరిన బొచ్చు అది. మా పిల్లలు దాన్ని లోపం అంటారు. నాకు అది తొంభై ఏళ్లుగా చెరగని వేలిముద్ర. అక్కడ ప్రతిసారీ సినిమా ఆపి వెనక్కి తిప్పుతాను.

వేషం కట్టింది 1976 రీమేక్‌లో. దానికోసం కార్లో రంబాల్డి 40 అడుగుల యంత్రపు కాంగ్‌ను కూడా తయారుచేశాడు. తెర మీద అది కనిపించేది కొన్ని క్షణాలే. చాలామటుకు ఆ పాత్రను మోసింది గొరిల్లా దుస్తుల్లో ఉన్న రిక్ బేకర్.

అపోహ: 2005 కాంగ్‌ను కంప్యూటరే నటింపజేసింది.

వాస్తవం: నటించింది ఆండీ సెర్కిస్. రువాండా వెళ్లి అడవి గొరిల్లాలను గమనించి వచ్చి, కదలికలను కంప్యూటర్ పట్టుకునేలా ముఖం నిండా గుర్తులు అంటించుకుని నటించాడు. ఆ పైన యానిమేటర్లు షాటు షాటుకూ మెరుగులు దిద్దారు.

అపోహ: బొమ్మను పెద్దది చేస్తే చాలు, భారీగా కనిపిస్తుంది.

వాస్తవం: నా దగ్గర ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. కొండంత జంతువును గీస్తారు, అది పిల్లిపిల్లలా గెంతుతుంది. అప్పుడు వాళ్లను ఆర్కే బీచ్‌కు తీసుకెళతాను. రేవు వైపు వచ్చే ఓడ ఎంత నిదానంగా జరుగుతుందో చూడమంటాను. మన కన్ను పరిమాణాన్ని కాలంతో కొలుస్తుంది. మీటరు ఎత్తు నుంచి వదిలిన రాయి అర సెకను లోపే నేలను తాకుతుంది. 16 మీటర్ల నుంచి అయితే 1.8 సెకన్లు. అంటే ఎత్తు 16 రెట్లయితే, సమయం నాలుగు రెట్లు. అందుకే అసలు దానిలో 16వ వంతు ఉన్న నమూనా కూలిపోవడాన్ని సెకనుకు 96 ఫ్రేముల చొప్పున తీసి, 24 చొప్పున ఆడిస్తారు; అప్పుడు అది నాలుగు రెట్లు నిదానంగా కూలుతుంది.

నీటి దగ్గర మాత్రం ఈ లెక్క కూడా చాలదు. రాళ్లకు కొట్టుకున్న అల తుంపర్లుగా లేస్తుంది. తొట్టెలో చిన్న అల సృష్టించినా నీటి చుక్క ఆ మేరకు చిన్నది కాదు. తెర మీద పెసరగింజంత ఉండాల్సిన చుక్క గుమ్మడికాయంత కనిపించి గుట్టు బయటపెడుతుంది. భారీ బడ్జెట్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే, నీళ్లకూ బొచ్చుకూ.

అపోహ: రీమేక్ చూశాక పాతది అనవసరం.

వాస్తవం: 1933 సినిమా నుంచి తీసేసిన సాలెపురుగుల లోయ సన్నివేశం నేటికీ దొరకలేదు. కోట్ల డాలర్ల రీమేక్ చేతిలో ఉండగానే జాక్సన్ దాన్ని మళ్లీ తీశాడు. కంప్యూటర్‌తో కాదు. నలుపు తెలుపుల్లో, బొమ్మలతో, ఒక్కో ఫ్రేమూ కదిపి.